పరిచారకులకు పరిచారిక: ఫ్లారెన్సు నైటింగేలు

అండమాను దీవులలో, పోర్టుబ్లెయిరు రేవునకు ఎదుట, నీటికి ఆవలి ఒడ్డున అడవి కప్పిన కొండ యొకటి యున్నది. నూట ఏబది యేండ్లకు పైగా దానిని హారియెట్ కొండ యని పిలుచుచుండిరి. 2021లో దానికి మౌంట్ మణిపూర్ అను క్రొత్త పేరు పెట్టిరి. 2024లో పోర్టుబ్లెయిరు పట్టణమునకే శ్రీ విజయపురమను పేరు వచ్చినది. 1872 ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలమున హిందూదేశపు రాజప్రతినిధియైన మేయో ప్రభువు ఆ కొండ యెక్కెను. ద్వీపాంతరవాస శిక్ష ననుభవించుచున్న ఖైదీలతో నిండియున్న ఆ దీవులలో, రోగుల కొరకు ఆ కొండమీది గాలిలో ఒక ఆరోగ్యనిలయము కట్టవచ్చునా యని తన కన్నులతో చూడగోరెను. సూర్యాస్తమయమును చూచి దిగివచ్చి, హోప్‌టౌను రేవులో పడవ యెక్కబోవుచుండగా, షేర్ అలీ యను ఖైదీ చీకటిలో అతనిని కత్తితో పొడిచెను. ఆ హత్య చరిత్ర పుస్తకములలో నున్నది. అతడు కొండ యెందుకు ఎక్కెనో ఆ సంగతిని మాత్రము చదువరులు మరచిపోవుదురు.

మూడు సంవత్సరములకు ముందు, 1868 అక్టోబరులో, ఈ మేయో ప్రభువు ఇంకను ఇంగ్లాండు విడువక మునుపు, లండనులో ఒక స్త్రీని దర్శింపబోయెను. ఆమె హిందూదేశమును ఎన్నడును చూచినది కాదు. పది సంవత్సరములుగా ఆమె దినములలో అధికభాగము పడకమీదనే గడచుచుండెను. అయినను ఈ దేశప్రజల ఆరోగ్యమును గూర్చి, ఇచ్చటి నీటిని గూర్చి, సైనికుల మరణములను గూర్చి ఆమెకు తెలిసినంత ఇచ్చటి అధికారులలో అనేకులకు తెలియదు. ఆమెయే ఫ్లారెన్సు నైటింగేలు.

రోగులకు ఇల్లు కట్టవచ్చునా యని కొండలెక్కి చూచువారు అన్ని కాలములలోను కొందరుందురు. ఆ ఇంటిలో రాత్రియు పగలును మేలుకొని పనిచేయువారు ఎక్కడ నిద్రింతురు, ఏమి భుజింతురు, వారికి జబ్బు చేసినప్పుడు ఎవరు చూతురు అని అడుగువారు అరుదు. దీపము పట్టుకొని యుద్ధరోగుల మధ్య నడచిన స్త్రీగా నైటింగేలు మన పిల్లల వాచకములలో నిలిచియున్నది. ఈ రెండవ ప్రశ్నను అడిగినది కూడ ఆమెయే. అందుచేత ఈ సంవత్సరము ఆమె జీవితమును ఆ వైపునుండి చెప్పదలచితిమి.

అండమానుకు ఆమె పేరుతో మరియొక సంబంధము కూడ కలదు. శాంతి తెరెసా లక్రా యను నర్సు లిటిల్ అండమానులోని డుగాంగ్ క్రీకు వద్ద, ఓంగీ జాతివారి మధ్య, ఏండ్ల తరబడి కాపురముండి సేవచేసెను. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ వచ్చి ఊరు పోయినప్పుడు వారితోకూడ అడవిలో నుండి వారికి పరిచర్య చేసెను. ఆమెకు 2010లో ఫ్లారెన్సు నైటింగేలు పేరిట మన ప్రభుత్వమిచ్చు పురస్కారమును, 2011లో పద్మశ్రీయును లభించినవి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయి ఆ దీవులలో స్థిరపడిన మన తెలుగువారు అనేకులున్నారు గనుక ఈ కథ వారికి దూరపు కథ కాదు.

నైటింగేలు 1820 మే 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరములో పుట్టెను. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టిరి. తండ్రి భాగ్యవంతుడు, విద్వాంసుడు. కుమార్తెలిద్దరికి తానే గ్రీకు, లాటిను, చరిత్ర నేర్పెను. వేసవికి ఒక భవనము, శీతకాలమునకు మరియొక భవనము. 1837 ఫిబ్రవరి 7వ తేదీన, తన పదియారవ యేట, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె గ్రహించెను. ఏ సేవకో మాత్రము అప్పుడు తెలియలేదు. అది తెలియుటకు ఏడెనిమిది సంవత్సరములు పట్టెను. 1845లో ఆమె తన వృద్ధురాలైన నాయనమ్మకు జబ్బులో ఉపచారము చేసెను. ఇంటిలో చిరకాలముగా నున్న ముసలి దాది మరణపడకయొద్ద కూర్చుండెను. ఆ సంవత్సరమే సాలిస్‌బరీ ఆస్పత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకొందునని తలిదండ్రులను అడిగెను. ఇంటిలో పెద్ద కలహము పుట్టెను. తల్లి ఏడ్చెను, అక్క మూర్ఛిల్లినంత పని చేసెను.

వారిని పూర్తిగా నిందించుటకు వీలులేదు. ఆ కాలమున నర్సు అనగా ఎవరు? వేరు పని దొరకని స్త్రీ. త్రాగుబోతని పేరుపొందిన స్త్రీ. అయితే ఆమె ఎందుకు త్రాగుచుండెనో ఎవరును విచారింపలేదు. లండను ఆస్పత్రులలో కొన్నింట నర్సులు వార్డు తలుపు వెలుపల, మెట్లదగ్గర, గాలి వెలుతురు లేని చెక్క గూళ్లలో నిద్రించుచుండిరి. రాత్రి పనిచేసినది పగలు ఆ గూటిలో పండుకొనవలెను. పగటి రొద అంతయు ఆమె తలప్రక్కనే. వంట తానే చేసికొనవలెను. అట్టి బ్రతుకులో సారాయి ఒక్కటే ఆదరణ యగుట వింతయా? నైటింగేలు తరువాత కాలములో ఈ గూళ్లను గూర్చి ప్రభుత్వమునకు వ్రాసి చూపెను. నర్సుల దుర్గుణములను గూర్చి మాటలాడువారికి వారి పడకలను ముందు చూడుడని ఆమె చెప్పినట్లే.

జర్మనీలోని కైసర్స్‌వర్తు గ్రామములో ఫ్లీడ్నరు అను పాదిరి 1836లో పరిచారికల గృహమును స్థాపించియుండెను. 1851లో నైటింగేలు అచ్చట మూడు నెలలు పని నేర్చుకొనెను. ఈ మధ్యలో ఆమెను వివాహమాడగోరిన సత్పురుషుని నిరాకరించెను. ముప్పది మూడవ యేట, 1853 ఆగస్టులో, ఆమెకు మొదటి ఉద్యోగము దొరకెను. లండనులోని హార్లీ వీధిలో, ఆదరువులేని మర్యాదస్థురాండ్రకు, అనగా ముఖ్యముగా ఇతరుల ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పి బ్రతికి జబ్బుపడిన ఒంటరి స్త్రీలకు, ఒక చిన్న ఆరోగ్యగృహము నడుచుచుండెను. దానికి ఆమె పర్యవేక్షకురాలాయెను. జీతము లేదు, తండ్రి సంవత్సరమునకు ఐదువందల పౌనులిచ్చెను.

ఆ గృహములో ఆమె చేసిన మొదటి పనిని నిదానించి చూడవలెను. పదవిలో ప్రవేశింపక మునుపే ఆమె నిర్వాహక సంఘమువారిని మూడు వస్తువులడిగెను. ప్రతి అంతస్తునకు వేడినీరు గొట్టముద్వారా రావలెను. రోగుల భోజనము వంటయింటినుండి పైకి త్రాటితో లాగు పెట్టెలో రావలెను. రోగి గంట మ్రోగించినప్పుడు ఆ అంతస్తులోని నర్సుకే వినబడవలెను. మ్రోగించినదెవరో తెలియునట్లు ఆ గంటదగ్గర గుర్తు నిలిచియుండవలెను. ఇవి రోగుల సుఖమునకని తోచును. కాని ఆమె లెక్క వేరు. వేడినీటి బిందెతో దినమునకు ఎన్నిమారులు మెట్లెక్కవలెను, పళ్లెములతో ఎన్నిమారులు, ఏ గదిలో గంట మ్రోగెనో వెదకుటకు ఎన్నిమారులు? ఆ మెట్లమీద పోయిన బలము రోగి పడకయొద్ద నర్సుకు మిగలదు. ఆమె కాళ్లను కాపాడినయెడల ఆమె చేతులును కన్నులును మనస్సును రోగికి దొరకును. నర్సు మంచిదిగా నుండవలెనని బోధించుట సులభము. గొట్టము వేయించుటకు ధనము కావలెను, సంఘమువారితో వాదింపవలెను. ఆమె వాదించి వేయించెను.

మరుసటి సంవత్సరము క్రిమియా యుద్ధము. ఆ కథ అందరికిని తెలిసినదే గనుక త్వరగా దాటుదము. 1854 అక్టోబరు 21వ తేదీన ముప్పది యెనిమిదిమంది స్త్రీలతో బయలుదేరి నవంబరు 4వ తేదీన స్కుటారి చేరెను. ఆ పెద్ద ఆస్పత్రిలో స్త్రీలందరికి దొరకినవి కొన్ని ఇరుకు గదులు. అందులో ఎలుకలు, తేమ. 1855 వసంతములో మురుగుకాల్వలు శుభ్రముచేయబడిన తరువాతనే సైనికుల మరణములు బాగుగా తగ్గెను. పరిచర్యకు వచ్చిన స్త్రీలలో కొందరు జ్వరముచేత చనిపోయి అచ్చటనే సమాధియైరి. నైటింగేలు తానే మే నెలలో బాలక్లావాలో జ్వరపడి మరణద్వారమువరకు పోయి వచ్చెను. 1856 ఆగస్టులో ఎవరికిని తెలియకుండ, మారుపేరుతో, ఇల్లు చేరెను. ఆమె పేరిట ప్రజలు నలుబది నాలుగు వేల పౌనులకు పైగా చందా వేసిరి. కాని ఆమె శరీరము తిరిగి యథాస్థితికి రాలేదు. 1857లో పూర్తిగా కూలిపోయెను. ఆ జ్వరపు విషము ఏండ్ల తరబడి ఆమె ఎముకలలో నిలిచియుండెనని నేటి వైద్యులలో కొందరి తలంపు.

చందా ధనముతో 1860లో లండనులోని సెయింట్ తామసు ఆస్పత్రిలో నర్సుల పాఠశాల తెరువబడెను. మొదటి జట్టులో పదిహేనుమంది. అందులో మిగుల క్రొత్త సంగతి పాఠములు కావు, ఇల్లు. ప్రతి విద్యార్థినికి తలుపు వేసికొనగల వేరు గది. అందరు కూర్చుండుటకు ఒక పెద్ద గది. అందులో పుస్తకములు, పువ్వులు. వేళకు వండి వడ్డించు భోజనము. ఇది విలాసమని కొందరు సణిగిరి. మంచి కుటుంబముల తలిదండ్రులు మాత్రము ఆ గదులను చూచియే తమ కుమార్తెలను పంపిరి.

ఇప్పుడు లివర్‌పూలు పట్టణమునకు పోదము. ఈ కథకు ప్రాణము అచ్చట నున్నది. ఇంగ్లాండులో ఆ కాలమున బీదలకు వర్క్‌హౌసులను శాలలుండెడివి. కూడు లేనివారిని చేర్చుకొని పని చేయించుట వాటి ఉద్దేశము. కాని పని చేయగలవారికంటె చేయలేనివారే అందులో పోగగుచుండిరి: ముసలివారు, పక్షవాతరోగులు, క్షయరోగులు, మతిభ్రమించినవారు, తిరిగి ఇంటికి పోవు ఆశ లేనివారు. నేడు దీర్ఘకాల సంరక్షణ గృహములని, వృద్ధాశ్రమములని మనము పిలుచువాటికి అవి మోటు పూర్వరూపములు. లివర్‌పూలులోని బ్రౌన్‌లో హిల్ వర్క్‌హౌసు రోగశాలలో రమారమి పన్నెండువందల మంది రోగులుండిరి. వారికి ఉపచారము చేయువారు ఎవరనగా, అదే శాలలో చేరిన బీద స్త్రీలు. జీతము లేదు, శిక్షణ లేదు. కొన్ని వార్డులలో రాత్రివేళ నెమ్మది నిలుపుటకు పోలీసువారు తిరుగుచుండిరి.

ఆ ఊరి వర్తకుడు విలియం రాత్‌బోను అనునతడు 1864లో నైటింగేలుకు ఉత్తరము వ్రాసి, మూడు సంవత్సరముల ఖర్చు తాను భరింతుననెను. ఆమె ఆగ్నెసు జోన్సును ఎన్నుకొనెను. ఆగ్నెసు 1832లో పుట్టిన సైనికాధికారి కుమార్తె. ఆమె బాల్యములో కొంతభాగము మారిషసు దీవిలో గడచెను. మన తెలుగు కూలీలు ఓడలెక్కి ఆ దీవికి చేరుచుండిన రోజులే అవి. భక్తిగల యువతి, కైసర్స్‌వర్తులోను సెయింట్ తామసులోను నేర్చుకొనినది. 1865లో శిక్షణ పొందిన పన్నెండుగురు నర్సులతో లివర్‌పూలు చేరి, మొదట పురుషుల వార్డులలో పని ప్రారంభించెను. శాలలోని బీద స్త్రీలకు జీతమిచ్చి పని నేర్పుటకు చేసిన ప్రయత్నము చాలవరకు వ్యర్థమాయెను. అనేకులు త్రాగుడుచేత తొలగింపబడిరి.

ఆగ్నెసు ఉదయము ఐదున్నరకు లేచును. రాత్రి పదకొండు దాటినను పనియుండును. బియ్యపు లెక్క, దుప్పట్ల లెక్క, శాల అధికారితో తగవు, మరణించుచున్నవాని పడకయొద్ద ప్రార్థన, నర్సులకు బైబిలు తరగతి, అన్నియు ఆమె మీదనే. అధికారికిని ఆమెకును పడలేదు. నైటింగేలు పడకమీదనుండి ఇద్దరికిని ఉత్తరములు వ్రాసి సమాధానపరచుచుండెను. రెండు సంవత్సరములలో ఫలము కనబడెను. 1867లో పురపెద్దలు ఆ పద్ధతిని స్త్రీల వార్డులకు కూడ విస్తరింపజేసిరి. ఆ సంవత్సరమే లండను బీదల రోగశాలలను వర్క్‌హౌసులనుండి వేరుచేయు చట్టము వచ్చెను. దాని వెనుక నైటింగేలు శ్రమయు ఉండెను. ఇంతలో శాలలో టైఫసు జ్వరము ప్రబలెను. 1868 ఫిబ్రవరి 19వ తేదీన ఆగ్నెసు జోన్సు ఆ జ్వరముచేత చనిపోయెను. ఆమె వయస్సు ముప్పది యైదు. ఆమె స్థానమునకు తగిన మరియొకతె వెంటనే దొరకలేదు.

నైటింగేలు దుఃఖముతో ఒక మాసపత్రికలో ఆమెను గూర్చి వ్యాసము వ్రాసెను. ఆగ్నెసును స్తుతించి, ఆమె విడిచిన నాగలిని పట్టుకొనుడని ఇతర యువతులను పిలుచుటయే ఆ వ్యాసపు ఉద్దేశము. మంచి వ్యాసమే. కాని నేడు చదువువానికి ఒక ప్రశ్న మిగులును. దినమునకు పదియేడు గంటలు పనిచేయునట్టి ఒంటరి స్త్రీని మూడు సంవత్సరములు ఎవరును ఆపలేదే, ఎందుకు? సంఘములలో మనము ఇట్టి మరణములను సాక్ష్యములుగా చెప్పుకొని ఊరడిల్లుట అలవాటు. ఏలీయా బదరీవృక్షము క్రింద పడియుండి చావు కోరినప్పుడు దూత అతనికి మొదట ఉపదేశము చేయలేదు. అన్నమును నీళ్లును చూపి, నిద్రింపనిచ్చి, రెండవమారు మరల తినిపించెను. హోరేబు ప్రయాణము ఆ తరువాతి మాట. లివర్‌పూలు శాలలో ఆగ్నెసుకు ఆ రొట్టె అందించినవారు లేరు.

నిజము చెప్పవలసివచ్చినయెడల, నైటింగేలు తన చుట్టునున్నవారియెడల ఈ పాఠమును తానే మరచిన కాలము కలదు. మంత్రియైన సిడ్నీ హెర్బర్టు ఆమె పనులన్నిటిలో కుడిచేయి. అతనికి మూత్రపిండముల వ్యాధి ముదిరినప్పుడు కూడ ఆమె అతనిని పనికి తొందరపెట్టుచునే యుండెను. అతడు 1861 ఆగస్టు 2వ తేదీన చనిపోయెను. అంతకంటె దగ్గరి సంగతి ఆమె మేనత్తది. మేయి స్మిత్ అను ఆ మేనత్త భర్తను, పిల్లలను విడిచి స్కుటారికి వచ్చి తోడుగా నుండెను. 1857లో మేనకోడలు కూలిపోగా మరల వచ్చి, ఉత్తరములు వ్రాసి, అతిథులను ఆపి, రాత్రులు మేలుకొని మూడు సంవత్సరములు సేవించెను. 1860లో ఆమె ఇంటివారు ఆమెను రమ్మనిరి, ఆమెయు వృద్ధాప్యమునకు చేరువయగుచుండెను, వెళ్లిపోయెను. దానిని నైటింగేలు ద్రోహముగా ఎంచెను. దాదాపు ఇరువది సంవత్సరములు ఆ మేనత్తతో మాట సరిగా లేదు. తన నర్సులకు వేళకు నిద్ర కావలెనని ప్రభుత్వముతో పోరాడిన స్త్రీ, తన ప్రక్కగదిలో అలసిన మేనత్తను చూడలేకపోయెను. దీనిని దాచుట వలన ఆమెకు గౌరవము కలుగదు. మన ఇండ్లలోను ఇట్టివి జరుగుచున్నవి. మంచముపట్టిన అత్తగారిని ఏండ్లతరబడి చూచిన కోడలు నాలుగు దినములు పుట్టింటికి పోయివత్తుననగా ముఖము చిట్లించువారము మనమే కదా!

1871లో సెయింట్ తామసు ఆస్పత్రి పార్లమెంటు భవనమునకు ఎదుట, థేమ్సు నది ఒడ్డున, క్రొత్త కట్టడములోనికి మారెను. ఆ సమయమున నైటింగేలు తన పాఠశాల లోపలి స్థితిని మరల విచారించెను. కనబడినది చూచి ఆమె సిగ్గుపడెను. విద్యార్థినులను వార్డు పనులకు వాడుకొనుచుండిరి. పాఠములు సరిగా లేవు. కొందరు అతిశ్రమచేత జబ్బుపడుచుండిరి. పాఠములు చెప్పవలసిన వైద్యుడు 1872లో తొలగిపోయెను. అప్పుడే ఆమె గృహ సిస్టరు అను క్రొత్త పదవి ఏర్పరచెను. వార్డులో ఆమెకు పని లేదు. ఇంటిలోని యువతుల భోజనము, ఆరోగ్యము, చదువు, ఆదివారము, బెంగ, వీటిని చూచుటయే ఆమె ఉద్యోగము. నర్సులను చూచుటకు ఒకరికి జీతమిచ్చి నియమించుట! మన ఆస్పత్రులలోను వృద్ధాశ్రమములలోను ఈ పదవి నేటికిని ఎన్నింటిలో నున్నదో చదువరులే విచారింపవచ్చును.

అటుపిమ్మట ఆమె ఒక్కొక్కరిని తన ఇంటికి పిలిపించి మాటలాడెడిది. క్రొత్త ఊరిలో పనికి పోవు నర్సు ఆ గదిలో అడుగుపెట్టునప్పటికి అచ్చట నైటింగేలు పంపిన పువ్వులుండెడివి. ప్రయాణమునకు భోజనపు బుట్ట, జబ్బుచేసినప్పుడు గ్రుడ్లు, మాంసపు రసము. అలసినవారిని తన ఖర్చుమీద సముద్రతీరమునకు పంపెను. కొందరిని తన ఇంటిలోనే శని ఆదివారములుంచుకొనెను. 1876లో ఇండ్లకు పోయి బీద రోగులను చూచు నర్సుల కొరకు టైమ్సు పత్రికకు ఉత్తరము వ్రాసెను. దానిలో ఆమె పట్టుబట్టినది ఇది: దినమంతయు ఇతరుల మురికిని కడిగి వచ్చిన నర్సుకు చేరుటకు నిజమైన ఇల్లుండవలెను, అక్కడ పొయ్యి తానే రాజవేయనక్కర లేకుండ వండిన అన్నముండవలెను, మాటలాడుటకు తోటివారుండవలెను. కార్ నికోబారులోనో క్యాంప్‌బెల్ బేలోనో నియమింపబడి, ఓడ కొరకు దినములు లెక్కపెట్టుచు, ఒంటి గదిలో స్టవ్ వెలిగించుకొను నర్సుకు ఈ మాట ఎంత రుచించునో చెప్పనక్కర లేదు.

ఈ యేండ్లలోనే ఆమెకు వేరొక పాఠశాల దొరకెను. 1874లో తండ్రి హఠాత్తుగా చనిపోయెను. తల్లికి ఎనుబది దాటినవి, చూపు పోయినది, జ్ఞాపకము చెదరినది. పెండ్లిలేని కుమార్తె కనుక భారము ఆమె మీద పడెను. 1880లో తల్లి కన్నుమూయువరకు, సంవత్సరమునకు కొన్ని నెలలు, లోకప్రసిద్ధురాలైన ఈ స్త్రీ అదే ప్రశ్నను మరల మరల అడుగు తల్లి ప్రక్కన కూర్చుండి సమాధానము చెప్పుచుండెను. తన పనులు ఆగిపోవుచున్నవని బాధపడెను, విసుగుకొనెను, విసుగుకొనినందుకు పశ్చాత్తాపపడెను. మేనత్తతో సమాధానపడినది కూడ ఇంచుమించు ఆ కాలముననే. ఈ రెంటికి సంబంధము కలదని నేను అనుకొనుచున్నాను. అది నా తలంపు మాత్రమే.

హిందూదేశము ఆమె మనస్సునుండి ఎన్నడును పోలేదు. 1863లో వెలువడిన సైనికారోగ్య విచారణసంఘపు నివేదికలో అధికభాగము ఆమె శ్రమ. 1865లో ఇచ్చటి ఆస్పత్రులలో నర్సులను నియమించు పద్ధతిని వ్రాసి పంపగా ప్రభుత్వము ఖర్చు చూచి వెనుకకు తీసెను. దక్షిణదేశపు మహాకరవు 1876 మొదలు 1878 వరకు కాల్చినప్పుడు, ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, కాల్వలే ప్రాణములను కాపాడునని పత్రికలలో వ్రాసెను. గోదావరి డెల్టా అన్నము తినువారికి ఆమె పరాయిది కాదు. 1884లో లండనులోని సెయింట్ మేరిల్‌బోను బీదల రోగశాలలో నర్సుల పాఠశాల తెరువబడినప్పుడు, లివర్‌పూలులో ఆగ్నెసు నాటినది మరియొక చోట మొలకెత్తెను.

కడపటి సంవత్సరములలో ఆమె తానే దీర్ఘకాల రోగియై ఇతరుల చేతిలో పడెను. 1896 నుండి లండనులోని తన పడకగదిని విడిచి రాలేదు. చూపు పోయెను. తరువాత జ్ఞాపకమును పోయెను. 1906లో ఆరోగ్యవిషయముల కాగితములు ఇక ఆమెకు పంపనక్కర లేదని ఇండియా ఆఫీసువారికి తెలియజేయవలసి వచ్చెను. 1907లో రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను గొప్ప బిరుదమిచ్చెను; స్త్రీలలో మొదట దానిని పొందినది ఆమెయే. దానిని తెచ్చినవారు వచ్చినప్పుడు ఏమి జరుగుచున్నదో ఆమెకు సరిగా తెలియలేదు.

ఆ దినములలో రాత్రి కాగానే నర్సు వచ్చి, దిండు సర్ది, దుప్పటి కప్పి, దీపము తగ్గించి, ప్రక్కగదికి పోయి పండుకొనెడిది. కొంతసేపటికి ఆ వృద్ధురాలు మెల్లగా మంచము దిగెడిది. తడవుకొనుచు ప్రక్కగదిలోనికి పోయి, నర్సు మీది దుప్పటిని సరిచేసి, అంచులు పరుపు క్రిందికి మడచి, తిరిగి తన పడకకు వచ్చెడిది. ఇది ఒకమారు జరిగినది కాదు, తరచుగా జరిగినది.

1910 ఆగస్టు 13వ తేదీ మధ్యాహ్నమున ఆమె నిద్రించి మరల లేవలేదు. తొంబది యేండ్లు. వెస్ట్‌మినిస్టర్ దేవాలయములో సమాధి చేయుదుమని ప్రభుత్వమువారు అడుగగా, ఆమె కోరిక ప్రకారము బంధువులు వలదనిరి. ఈస్టు వెల్లో గ్రామములోని చిన్న గుడి ఆవరణములో, తలిదండ్రుల ప్రక్కన పాతిపెట్టిరి. రాతిమీద పేరు లేదు; రెండు పొడి అక్షరములును, పుట్టిన తేదీ, గతించిన తేదీ మాత్రమే చెక్కబడియున్నవి.